కాలువ నీటి వంతులు

మన నాందేడ్ జిల్లాకు నదుల కొఱత లేదు. నడుమ గోదావరి, ఉత్తరమున పైనగంగ, దక్షిణమున మాంజీర ప్రవహించుచున్నవి. అయినను శీతకాలపు పైరు గింజ పట్టు వేళకు ముద్ఖేడ్ పరిసరములలో ఇద్దరు రైతులు కలిసిన చోటనెల్ల రెండు ప్రశ్నలు వినవచ్చుచుండును. "ఈ మాఱు కాలువ విడుతురా?" యనునది మొదటిది. "విడిచినచో మన పొలము దాక వచ్చునా?" యనునది రెండవది. మొదటి ప్రశ్నకు ఉత్తరము వానలు చెప్పవలెను. రెండవ దానికి ఉత్తరము మనుష్యులు చెప్పవలెను. ఈ వ్యాసమున మేము రెండవ ప్రశ్ననే విచారింపనెంచితిమి.

విద్యార్థులలో అనేకులు రైతుబిడ్డలు. నీటి వంతు అర్ధరాత్రివేళ వచ్చినపుడు తండ్రివెంట టార్చిలైటు పట్టుకొని పొలమునకు పోయినవారు మీలో కలరు. ఆ వంతును ఎవరు నిర్ణయించిరి? ఏ లెక్కపై నిర్ణయించిరి? అది తప్పినపుడు ఎవరి నడుగవలెను? ఈ విషయములు తెలిసినవారు ఇంటికొకరైనను ఉండవలెనని మా యభిప్రాయము.

నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది?

గోదావరి మన తాలూకాకు దక్షిణపుటంచున పారుచున్నను, నది పొలముకన్న పల్లమున నుండుటచే దాని నీరు తనంతట తాను పొలమున కెక్కదు. యంత్రములచే ఎత్తిపోయవలెను. నాందేడ్ నగరము చెంత విష్ణుపురి వద్ద గోదావరికి అడ్డుగా గట్టిన కట్టనుండి అట్లే నీటి నెత్తి లోహా, కంధార్ వైపు కాలువలకు ఇచ్చుచున్నారు. నాందేడ్ పట్టణవాసులు త్రాగు నీరును అచ్చటిదే.

కాలువ నీటి సంగతి వేఱు. అది ఎత్తైన చోట నిలువచేయబడి, వాలు వెంట తానే నడచి వచ్చును. యవత్‌మాళ్, హింగోలీ జిల్లాల హద్దున పైనగంగపై ఈసాపూర్ ఆనకట్ట కలదు. ఇది 1982లో పూర్తియైనది. దీనినే ఊర్ధ్వ పైనగంగా ప్రాజెక్టు అందురు. కలమ్‌నూరీ, హద్‌గావ్, అర్ధాపూర్, ముద్ఖేడ్ ప్రాంతముల రైతులు ఏటేట ఎదురుచూచునది ఈ ఈసాపూర్ నీటికొఱకే. ఇట్లే పూర్ణానదిపై నున్న యెల్దరీ, సిద్ధేశ్వర్ జలాశయములు పర్భణీ, హింగోలీ, నాందేడ్ జిల్లాల భూములకు నీరిచ్చుచున్నవి.

ఇచ్చట భూగోళము చదువు విద్యార్థులు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఈసాపూర్ వద్ద ఆగని నీరు పైనగంగ వెంట ఆదిలాబాదు సీమ పొలిమేరను తాకుచు పోయి వార్ధా నదిలో కలియును. వార్ధా, వైన్‌గంగలు కలిసి ప్రాణహిత యగును. ప్రాణహిత కాళేశ్వరము వద్ద గోదావరిలో చేరును. అనగా కాళేశ్వరమునకు పోవలసిన నీటిలో కొంతభాగమును త్రిప్పి మానవుడు మన అరటితోటలకును, పూలతోటలకును, గోధుమ చేలకును తెచ్చినాడు. ఇంత దూరము తెచ్చిన నీటిని లెక్కలేక పాఱించుట తగునా?

నీటి కొలత

పంచవలెనన్న ముందుగా కొలువవలెను. కాలువలో పాఱు నీటిని క్యూసెక్కులతో కొలుతురు. ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీరు పాఱినచో అది ఒక క్యూసెక్కు. ఇది సుమారు 28 లీటర్లు. నిలువయున్న నీటిని మన తెలుగు రాష్ట్రములలో టి.ఎం.సి.లతో కొలుతురు. ఒక టి.ఎం.సి. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. మహారాష్ట్రమున దశలక్ష ఘనమీటర్లతో కొలుతురు. మరాఠీ వార్తాపత్రికలలో 'దలఘమీ' యని కుదించి వ్రాయునది దీనినే. ఒక టి.ఎం.సి. సుమారు 28.3 దలఘమీలతో సమానము. ఈసాపూర్ జలాశయమున ఉపయోగింపదగు నిలువ సుమారు 964 దలఘమీలు. దానిని 28.3 చే భాగించినచో 34 టి.ఎం.సి.లు వచ్చును. ఇరుగుపొరుగు రాష్ట్రముల పత్రికలు రెండును చదువు మనవంటివారికి ఈ మార్పిడి నిత్యము పనికివచ్చును.

ఇక పొలము లెక్క చూతము. ఒక క్యూసెక్కు నీరు ఒక పగలు ఒక రాత్రి, అనగా 24 గంటలు పాఱినచో 86,400 ఘనపుటడుగులగును. ఒక ఎకరమున ఒక అంగుళము లోతు నీరు నిలువవలెనన్న 3,630 ఘనపుటడుగులు కావలెను. కావున ఒక క్యూసెక్కు ఒక రోజు పాఱిన నీరు ఇంచుమించుగా 24 ఎకరములపై ఒక అంగుళము, లేదా 8 ఎకరములపై మూడంగుళములు నిలుచును. ఈ "ఎనిమిది ఎకరములు, మూడంగుళములు" అను మాటను విద్యార్థులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో మన కథలో కీలకమైన లెక్క యొకటి ముందు వచ్చును.

మన పెద్దల పద్ధతులు

నీటి పంపకము నిన్న నేడు పుట్టిన విద్య కాదు. తెలంగాణమున చెరువు క్రింది వ్యవసాయము చూచినవారికి నీరటి యనిన తెలియనిది కాదు. చెరువుకట్టను కాచుట, తూము తెఱచుట, మూయుట, పొలము వెంట పొలమునకు నీరు పాఱించుట అతని పని. తూముపై రైతు చేయి వేయరాదు. ఎంత పెద్ద ఆసామియైనను నీరటి చేతనే నీరు పొందవలెను. పంట నూర్చినపుడు కల్లములోనే అతనికి రైతులందఱు ధాన్యరూపమున మేర కొలిచి యిచ్చెడివారు. అతని జీతము అందఱి పంటపై ఆధారపడియుండెను గనుక ఏ పొలము ఎండినను నష్టము అతనికిని తగులును. ఇది ఆ యేర్పాటులోని గొప్ప సూక్ష్మము.

చెరువులో నీరు చాలని యేడు రెండవ పంటకు ఎంత భూమికి నీరీయవచ్చునో ముందుగా నిర్ణయించి ప్రకటించుట కలదు. దీనిని తైబందీ యందురు. నీరు ఇంత, కావున నాటు ఇంతే, అని నాటుటకు ముందే చెప్పుట యన్నమాట. నాటిన పిదప ఎండినదని యేడ్చుటకంటె నాటకముందే తెలిసికొనుట మేలు గదా.

మహారాష్ట్రమునను ఇట్టి ప్రాచీన పద్ధతులున్నవి. ఖాందేశమున పాంజరా మొదలగు నదులపై శతాబ్దములనుండి ఫడ్ పద్ధతి నడచినది. చిన్న కట్టక్రింది భూమినంతయు కొన్ని పెద్ద మడులుగా విభజింతురు. ఒక్కొక్క మడి ఒక ఫడ్. ఒక ఫడ్‌లోని రైతులందఱు ఒకే పైరు వేయుదురు. అందువలన ఆ మడికంతకు నీరు ఒకే వేళ, ఒకే తీరుగా కావలసియుండును. నీరు తక్కువైన యేడు కొన్ని ఫడ్‌లను విడిచి కొన్నింటికే నీరిత్తురు. నీటిని పాఱించువానికి పాట్‌కరీ యని పేరు. మరాఠీలో పాట్ అనగా కాలువ. మన నీరటియు వారి పాట్‌కరీయు ఒకే వృత్తివారు. భాష మాత్రమే వేఱు.

నేటి పద్ధతి

నేడు మహారాష్ట్రమున పెద్ద కాలువల నీటిని పంచు పద్ధతిని శేజ్‌పాళీ యందురు. శేజ్ యనగా ప్రక్క, పాళీ యనగా వంతు. ప్రక్క ప్రక్క పొలములకు వరుసగా వంతు వచ్చుటచే ఈ పేరు కలిగినది. ఇది యెట్లు నడచునో క్రమముగా చెప్పెదము.

సంవత్సరమును మూడు కాలములుగా విభజింతురు. జూలై 1 నుండి అక్టోబరు 14 వఱకు ఖరీఫ్, అక్టోబరు 15 నుండి ఫిబ్రవరి చివఱ వఱకు రబీ, మార్చి 1 నుండి జూన్ చివఱ వఱకు వేసవి. అక్టోబరు 15 నాటికి వానలు వెనుకబట్టును. ఆనాడు జలాశయమున ఎంత నీరున్నదో అదియే ఆ యేటి మూలధనము. అందులోనుండి త్రాగునీటికి కావలసినది ముందు తీసివేయవలెను. ఎండకు ఆవిరియై పోవునది తీసివేయవలెను. మిగిలినది సేద్యమునకు. కాలువ సలహా సంఘము కూడి, ఈ మిగులుతో రబీలో ఎన్ని తడవలు, వేసవిలో ఎన్ని తడవలు కాలువ విడువవచ్చునో నిశ్చయించును. ఒక్కొక్క తడవకు మరాఠీలో ఆవర్తన్ అని పేరు.

పిమ్మట ప్రకటన వెలువడును. నీరు కావలసిన రైతులు ఫలానా తేదీలోగా దరఖాస్తు పెట్టుకొనవలెనని అందులో ఉండును. ఈ దరఖాస్తు నమూనాకు 7వ నంబరు. రైతు తన గట్ నంబరు, భూమి విస్తీర్ణము, వేయదలచిన పైరు అందులో వ్రాసి సంతకము చేయవలెను. పాత నీటి బాకీ యున్నచో తీర్చవలసియుండును. దరఖాస్తులన్నియు వచ్చిన పిదప మొత్తము కోరిక యెంత, ఉన్న నీరెంత యని సరిచూచి మంజూరు చేయుదురు. మంజూరైనవారి పేర్లు తూము వారీగా వరుసగా వ్రాసి, ఎవరికి ఏ దినమున, ఎన్ని గంటలు నీరు వచ్చునో పట్టిక తయారుచేయుదురు. ఈ పట్టిక ప్రకారము నీరు వచ్చునట్లు చూచుట కాలువ నిరీక్షకుని బాధ్యత.

ఈ పట్టికలో అన్నిటికంటె ముఖ్యమైన నియమము, నీరు చివఱనుండి మొదటికి రావలెననునది. పిల్లకాలువ తుదనున్న పొలము ముందు తడియవలెను; తూము దగ్గఱి పొలము చివఱ తడియవలెను. మొదటిసారి వినువారికి ఇది వింతగా తోచును. కాని ఆలోచించినచో న్యాయము బోధపడును. ఎగువ రైతు గట్టు ప్రక్కనుండియే నీరు దిగువకు పోవుచున్నది. అతని వంతు వచ్చుదాక అది అతని కండ్లముందే యుండును. దిగువ రైతుకు ఆ భాగ్యము లేదు. అతని వంతు తప్పినచో అతనికి నీరు కనబడను గూడ కనబడదు. కావున నీటికి దూరమైనవానికి కాలమున ముందుచోటు ఇచ్చుటయే సమత్వము.

తుది పొలము ఏల ఎండును?

నియమ మింత చక్కనిదైనను, అనేక కాలువల తుదిభాగమున నీరందదనుట దేశమంతట విన్న మాటయే. కారణములు కొన్ని యంత్రశాస్త్రమునకు సంబంధించినవి. లోపల గచ్చు లేని మట్టికాలువలో నీరు ఇంకిపోవును. మన నల్లరేగడి నేల ఎండకాలమున నెఱ్ఱెలు విచ్చును, వానకు ఉబ్బును, కాలువ గట్లు దీనిచే చెడును. పూడిక, గడ్డి నీటి నడకకు అడ్డుపడును. ఇవన్నియు మరమ్మతుతో తీఱు లోపములు.

మరమ్మతుతో తీఱని లోప మింకొకటి కలదు. దానిని లెక్కతోనే చూపెదము. ఒక పిల్లకాలువ క్రింద 240 ఎకరములున్నవనుకొందము. నష్టము పోగా 3 క్యూసెక్కుల నీరు 10 దినములు దొరకుననుకొందము. ఒక క్యూసెక్కు ఒక రోజున 8 ఎకరములను మూడంగుళముల లెక్కన తడుపునని ముందే చెప్పితిమి. మూడు క్యూసెక్కులు పది దినములలో 240 ఎకరములను తడుపును. లెక్క సరిపోయినది. అందఱికిని ఒక తడి వచ్చినది.

ఇప్పుడు ఎగువనున్న 120 ఎకరములవారు "కాలువ మరల ఎప్పుడు వచ్చునో" యను భయముచే మూడంగుళములకు బదులు ఆఱంగుళములు నిలుపుకొనిరనుకొందము. అప్పుడేమగును? 120 ఎకరములకే నీరంతయు చెల్లిపోవును. దిగువ 120 ఎకరములకు మిగులునది సున్న. సగము కాదు, పావు కాదు, సున్న! ఎగువవారిలో దొంగ యొక్కడును లేడు. ఒక్కొక్కరు తమ పొలమున మూడంగుళములు మాత్రమే అధికముగా నిలిపిరి. అయినను నూటయిరువది ఎకరముల పైరు మాడిపోయినది.

ఎగువ రైతు కైనను దీనివలన లాభమున్నదా? అదియు లేదు. వేరునకు అందునంత నీరే పైరునకు పనికివచ్చును. మిక్కిలి నీటిచే నల్లరేగడి జౌకు పట్టును. ఉప్పు పైకి తేలును. పశ్చిమ మహారాష్ట్రమున నీరా, ప్రవరా కాలువల క్రింద చెఱకు సాగు పెరిగినచోట్ల భూములు ఇట్లు చెడిన దృష్టాంతములు కలవు. ఒకని పొలము ఎండుచుండగా ఒకని పొలము కుళ్లుట, నీటి పంపకము చెడినదనుటకు గుఱుతు.

భయమే ఈ లోపమునకు మూలమని మేము తలచుచున్నాము. రెండవ తడవ నీరు చెప్పిన తేదీకి తప్పక వచ్చునని నమ్మకమున్నచో ఏ రైతును ఆఱంగుళములు నిలుపడు. చెప్పిన మాట తప్పుట, తేదీలు తెలియకుండుట, వరుస మాఱుట — ఇవి భయమును పెంచును. కావున పట్టిక అందఱికి తెలిసియుండుటయే సగము నీటిపారుదల.

దేనినిబట్టి పంచవలెను?

సమముగా పంచుట యనినంతనే సరిపోదు. దేనిని సమముగా చూడవలెననునది ప్రశ్న. దీనికి లోకమున పలు ఉత్తరములున్నవి.

భూమినిబట్టి పంచుట యొకటి. పంజాబు, హర్యానా ప్రాంతములలో వారబందీ యను పద్ధతి కలదు. వారమునకు 168 గంటలు. ఒక తూము క్రింద 84 ఎకరములున్నచో ఎకరమునకు రెండుగంటలు. ఐదెకరములవానికి పదిగంటలు. ప్రతివారము అదే దినమున, అదే గంటకు అతని వంతు వచ్చును. ఏ పైరు వేసికొనునది అతని యిష్టము. గడియారమే అచ్చట న్యాయాధిపతి.

పైరునుబట్టి పంచుట మఱియొకటి. బొంబాయి రాజధానిలో ఇంజనీరుగా నుండిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నీరా కాలువక్రింద బ్లాకుల పద్ధతిని ప్రవేశపెట్టిరి. వీరి పూర్వుల యూరు మోక్షగుండము తెలుగుదేశమునందలిదే. బ్లాకులో మూడవవంతు భూమిలో మాత్రమే చెఱకు వేయవలెను. తక్కిన భాగమున తక్కువ నీటి పైరులు వేయవలెను. దీనిచే ఒకే యూరిలో చెఱకు కుప్పపడక, నీరు పెక్కు గ్రామములకు వ్యాపించును.

మనుష్యునిబట్టి పంచుట ఇంకొకటి. 1972లో మహారాష్ట్రమును ఘోరమైన కఱవు పీడించినది. అప్పుడు విలాస్‌రావు సాళుంకే యను ఇంజనీరు పూనా జిల్లా పురందర్ తాలూకా నాయ్‌గావ్ గ్రామమున పనికి పూని, పిదప పాణీ పంచాయత్ అను ఉద్యమమును నడపిరి. అందులోని నియమము మిక్కిలి సరళము. నీరు తలకు అర ఎకరము లెక్కన, కుటుంబమునకు రెండున్నర ఎకరములకు మించకుండ ఇవ్వవలెను. ఎంత భూమి యున్నదనునది లెక్కలోనికి రాదు. భూమి లేనివారికిని నీటిలో హక్కు కలదు. చెఱకు వేయరాదు.

స్పెయిన్ దేశమున వలెన్సియా నగరమున నీటి న్యాయస్థాన మొకటి వందల యేండ్లుగా నడచుచున్నది. ప్రతి గురువారము మధ్యాహ్నము అచ్చటి ప్రధాన దేవాలయపు ద్వారముకడ కాలువల రైతులు తమలోనుండి ఎన్నుకొన్న పెద్దలు కూర్చుందురు. నీటి తగవులను నోటిమాటతో విచారించి అప్పటికప్పుడే తీర్పు చెప్పుదురు. న్యాయవాదులు లేరు. విచారణ యంతయు అచ్చటి స్థానిక భాషయైన వలెన్సియన్‌లోనే జరుగును. ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక సంస్థ 2009లో దీనిని మానవజాతి వారసత్వముగా గుర్తించినది. తగవు రైతు భాషలో, రైతు కండ్లముందు తీఱుటయే దాని దీర్ఘాయువునకు కారణమని మాకు తోచుచున్నది.

చట్టము చెప్పునదేమి?

నాందేడ్ 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాడు బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1న మహారాష్ట్రములో భాగమైనది. కావున మన కాలువలకు మహారాష్ట్ర చట్టములే వర్తించును. 1976 నాటి మహారాష్ట్ర నీటిపారుదల చట్టము పునాది వంటిది. 2005లో రెండు ముఖ్యమైన చట్టములు వచ్చినవి.

మొదటిది, రైతులే నీటిపారుదలను నిర్వహించుకొనుటకై చేసిన చట్టము. ఒక పిల్లకాలువ క్రింది రైతులందఱు నీటివినియోగదారుల సంఘముగా నేర్పడవలెను. ప్రభుత్వము సంఘమునకు నీటిని కొలిచి యిచ్చును. లోపల పంచుకొనుట, రుసుము వసూలుచేయుట సంఘము పని. కార్యవర్గమున ఎగువ, నడిమి, దిగువ భాగముల రైతులకు చోటు కలదు. స్త్రీలకును చోటు కలదు. నీరు చివఱనుండి మొదటికి అను నియమమును ఈ చట్టము గట్టిపఱచినది.

రెండవది, రాష్ట్ర జలసంపత్తి నియంత్రణ ప్రాధికారమును నెలకొల్పిన చట్టము. అందులోని యొక మాటను ప్రతి చిన్నరైతును ఎఱిగియుండవలెను. నీటి కఱవు వచ్చినపుడు ఆయకట్టులోని ప్రతి భూమిదారునకు, సాధ్యమైనంతవఱకు, కనీసము ఒక ఎకరమునకు చాలునంత నీరు ఇవ్వవలెనని చట్టము చెప్పుచున్నది. ఏబది ఎకరములవానికిని ఒక ఎకరము, రెండెకరములవానికిని ఒక ఎకరము! కఱవునాడు భూమి లెక్క వెనుకకు పోయి మనుష్యుని లెక్క ముందునకు వచ్చుట ఇందు చూడదగినది.

రెండు రాష్ట్రముల నడుమ

ఎగువ దిగువల తగవు పిల్లకాలువతో ఆగదు. ముద్ఖేడ్ నుండి నిజామాబాదు పోవు రైలు ఉమ్రీ, ధర్మాబాద్ దాటి బాసర చేరి, పిదప గోదావరిని గడచును. ఆ ధర్మాబాద్ తాలూకాలో గోదావరిపై బాభళీ బ్యారేజి కలదు. దానికి దిగువన తెలంగాణమున పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ జలాశయము కలదు. 1963లో పండిత నెహ్రూ శంకుస్థాపన చేసినది ఇదియే. మొదటి తూము ఎగువ రైతుది, తుది తూము దిగువ రైతుది అన్నట్లే, ఇచ్చట ఎగువ మహారాష్ట్రము, దిగువ తెలుగు రాష్ట్రము.

గోదావరి జలవివాదముల ట్రిబ్యునలు 1980లో తీర్పునిచ్చినది. పైఠణ్‌కు దిగువ, సిద్ధేశ్వర్‌కు దిగువ, నిజాంసాగర్‌కు దిగువ, పోచంపాడు వఱకు గల నీటిలో క్రొత్త పథకములకై మహారాష్ట్రము 60 టి.ఎం.సి.లు వాడుకొనవచ్చునని అందున్నది. బాభళీ నిర్మాణముపై పుట్టిన వివాదమును సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న పరిష్కరించినది. బ్యారేజిలో 2.74 టి.ఎం.సి.ల వఱకు నిలుపుకొనవచ్చును. కాని జూలై 1 నుండి అక్టోబరు 28 వఱకు, అనగా వఱద వచ్చు కాలమంతయు, తలుపులు ఎత్తియుంచవలెను. మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు విడువవలెను. ఇది జరుగునట్లు చూచుటకు కేంద్ర జలసంఘమునకును, రెండు రాష్ట్రములకును చెందిన ప్రతినిధులతో పర్యవేక్షణ సంఘ మేర్పడినది. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప దిగువ పక్షము ఆ రాష్ట్రమైనది.

ఈ తగవు వచ్చినపుడెల్ల మనవంటివారి స్థితి చిత్రమైనది. బాభళీ నీటితో పైరు పండించుకొనువారు మన జిల్లావారు, మన పొరుగువారు. పోచంపాడు క్రింద ఎదురుచూచువారు మన భాషవారు, పెక్కురకు మన బంధువులు. ఎవరి పక్షము వహింతుము? తీర్పును జాగ్రత్తగా చదివినచో పక్షము వహింపవలసిన పని లేదని తెలియును. అందులో ఉన్నవి మూడే వస్తువులు: కొలత, తేదీ, చూచువారు. పిల్లకాలువ పట్టికలో నున్నవియు ఈ మూడే. కొలత, తేదీ, చూచువారు స్థిరముగా నున్నచోట భాషతోగాని ప్రాంతముతోగాని పని లేక నీరు చేరును. ఇవి లేనిచోట అన్నదమ్ముల నడుమనైనను గడ్డపార లేచును.

మన కర్తవ్యము

మన పెద్దలలో పలువురకు తెలుగు వచ్చును, మరాఠీ మాట్లాడుటయు వచ్చును. కాని మరాఠీలో కార్యాలయపు కాగితము చదువుటకు వెనుకాడుదురు. ప్రకటన గోడపై నుండును, గడువు దాటిపోవును. తెలంగాణమున పహాణీ యన్నదానివంటి భూమిపత్రము ఇచ్చట సాత్‌బారా. మన సర్వే నంబరు ఇచ్చట గట్ నంబరు. ఆయకట్టు లాభక్షేత్రము. పిల్లకాలువ చారీ. తడవ ఆవర్తన్. బాకీ థక్‌బాకీ. నీటి దరఖాస్తు పాణీ మాగణీ అర్జ్. ఈ ఏడెనిమిది మాటలు తెలియనందువలన వంతు పోగొట్టుకొనుట కంటె విచారకర మేమున్నది?

మన పాఠశాల విద్యార్థులు తెలుగులో చదువుచు మరాఠీని గూడ నేర్చుచున్నారు. కావున మేము వారికి ఒక చిన్న పని చెప్పుచున్నాము. అక్టోబరు మాసమున కాలువ ప్రకటన వెలువడగానే దానిని చదివి, గడువు తేదీని ఇంటి క్యాలెండరుపై వ్రాయవలెను. 7వ నంబరు దరఖాస్తును తండ్రికిగాని తల్లికిగాని తెలుగున చదివి వినిపించి, వారు చెప్పినట్లు నింపవలెను. ఇచ్చిన దరఖాస్తునకు రసీదు పుచ్చుకొని సాత్‌బారాతో కలిపి దాచవలెను. వంతుల పట్టికను నకలు వ్రాసికొని, చదువురాని ఇరుగుపొరుగువారికిని వారి దినము, గంట చెప్పవలెను.

తల్లిదండ్రులకును ఒక మనవి. నీటివినియోగదారుల సంఘపు సమావేశమునకు "మన మాట యెవరు వింటారులే" యని మానవలదు. భూమి తల్లిపేర నున్నచో తల్లియే పోవలెను. అచ్చట మూడు ప్రశ్నలు తప్పక అడుగవలెను. మన తూమునకు ఎంత నీరు వచ్చును? ఏ తేదీన వచ్చును? వచ్చినది కొలిచి వ్రాయువారెవరు? ఎగువ పొలముగలవారికి ఇంకొక మాట. మీ పొలమున మూడంగుళములు నిండినవెంటనే మడవ మూయుడు. ఆ మీద మీరు నిలుపు ప్రతి యంగుళమును తుదిపొలమువాని నోటిముందటి అన్నమే.

ఈ యేడు నీరు పాఱునపుడు విద్యార్థులు తమ చారీ వెంట చివఱి పొలము వఱకు ఒకసారి నడచి రావలెనని మా కోరిక. అచ్చట నేల తడిసియున్నదో లేదో చూడుడు. ఊరిలో పట్టిక సరిగా నడచుచున్నదా లేదా యనుటకు అంతకంటె వేఱు పరీక్ష అక్కఱలేదు.